అల్పమితీయ లోహ హాలైడ్ సంకర పదార్థాలు: కాంతి ఉద్గార చరిత్ర

హాలైడ్ పెరోవ్‌స్కైట్ల చరిత్రను 2009లో జపాన్‌లో మియసాక బృందం ప్రకటించిన సౌరఘటంతో ఆరంభించడం పరిపాటి అయింది. సౌరవిద్యుత్తు మేరకు అది సమంజసమే. కాంతిని వెలువరించడమే ప్రధానాంశమైతే ఈ చరిత్ర మరో రెండు దశాబ్దాలు వెనక్కు వెళ్తుంది. పైగా అది మొదలయ్యేది త్రిమితీయ స్ఫటికాలతో కాదు, పొరల స్ఫటికాలతో.

సీజియం లెడ్ హాలైడ్లను 1893లోనే వెల్స్ వర్ణించాడు. 1978లో వెబర్ సీజియం స్థానంలో మిథైల్ అమ్మోనియంను నిలిపాడు. ఈ స్ఫటికాలకు మూలం ఒక లోహ అయాను చుట్టూ ఆరు హాలైడ్ అయాన్లు చేరిన అష్టముఖి. మరింత పెద్ద సేంద్రీయ అయాన్లు చేరితే అష్టముఖుల అల్లిక తెగి పొరలుగా, గొలుసులుగా, చివరకు విడివిడి ఘటకాలుగా మారుతుంది. ఇక్కడ అల్పమితి అంటే అణుస్థాయి అమరికే గాని రేణువు పరిమాణం కాదు. నానో రేణువులనూ వీటినీ ఒకే గాటన కట్టడం వల్ల సమీక్షా వ్యాసాలలో గందరగోళం ఏర్పడుతోంది.

1989లో ఇషిహర, తకహషి, గోతో డెసైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్‌లో ఎక్సైటాన్ బంధన శక్తి సుమారు 370 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులని చూపారు. గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తి 25 మాత్రమే. అంత గట్టి బంధం వేడికి విడిపోదు. కనుక కాంతి కూడా నిలవాలి. అయితే 1994లో ఎరా, సుత్సుయి, సైతో తదితరులు ఫినైల్ ఇథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్‌తో నిర్మించిన దీపం చదరపు మీటరుకు 10,000 కాండెలాలను మించిన ఆకుపచ్చ కాంతిని ద్రవ నైట్రోజన్ చలిలోనే ఇచ్చింది. ఎక్సైటాన్ విడిపోకుండా నిలవడం వేరు, అది కాంతిగా మారడం వేరు. ఆ తరువాతి రెండు దశాబ్దాల మందగమనానికి ఈ వ్యత్యాసమే ఒక ముఖ్య కారణంగా కనిపిస్తుంది.

2014లో స్టాన్‌ఫర్డ్‌లో కరుణదాస బృందం పొరల లెడ్ బ్రోమైడ్లలో విశాల వర్ణపటపు తెల్లని కాంతిని గమనించింది. దానిని స్ఫటిక లోపాలకు ఆపాదించడం సులువే. ఆ బృందం మాత్రం, మెత్తని జాలకం ఎక్సైటాన్ చుట్టూ వంగి దానిని బంధిస్తుందని వాదించింది. ఈ స్వయంబంధిత ఎక్సైటాన్ భావనే తరువాతి పరిశోధనకు ఆధారమైంది. ఫ్లోరిడాలో బివు మా బృందం గొలుసు అమరిక గల లెడ్ బ్రోమైడ్‌లో సుమారు 20 శాతం, ఆపై సీసం లేని శూన్యమితీయ టిన్ బ్రోమైడ్‌లో సుమారు 95 శాతం కాంతి సామర్థ్యాన్ని నమోదు చేసింది.

ఈ శాతాలు అతినీలలోహిత కిరణాలతో ఉత్తేజపరచినప్పటివి. ఏ ఏకాంతం వల్ల ఘటకాలు ఇంతగా వెలుగుతున్నాయో, ఆ ఏకాంతమే వాటి మధ్య విద్యుదావేశాలను కదలనివ్వదు. అందుకే ఆ టిన్ బ్రోమైడ్‌ను ఎరా దీపంలో వలె విద్యుత్తుతో వెలిగించలేదు. అతినీలలోహిత డయోడ్ ఎదుట పసుపు ఫాస్ఫర్‌గా నిలిపారు.