ఊరి కోసం మేలుకున్న రాత్రులు

కృష్ణా డెల్టాకు ప్రార్థన నేర్పింది తెల్లదొరలేనని చాలామంది అనుకుంటారు. రాఘవాపురం పాగోలు వెంకయ్య గారి సంగతి తెలిస్తే ఆ మాట అనలేం. మాలపల్లెలో పుట్టిన ఆయన బైబిలు చేతికి రాకముందే విగ్రహాలను విడిచిపెట్టారు. ఏ పాదిరీ ముఖమూ చూడకముందే, అసలు దేవుడెవరో, ఎక్కడున్నాడో చూపించమని వేడుకునేవారు. చివరికి బెజవాడలో డార్లింగ్ పాదిరీ గారిని కలిశారు. 1859లో బాప్తిస్మం పొందారు. దొరికిన కబురు ఇంట్లో దాచుకోలేదు, చుట్టుపక్కల పల్లెలకు మోశారు.

మచిలీపట్నంలో అప్పటికి మిషను వచ్చి 18 ఏళ్లయింది. 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అక్కడ దిగారు. ఫాక్స్ గారు 1848లోనే పోయారు. 1843లో బడి పెట్టిన నోబుల్ గారు మాత్రం 24 ఏళ్లలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు. 1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచి సుమారు 30 వేల ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది నోబుల్ గారు అక్కడే కన్నుమూశారు. ఊరికి కావలి ఉండటమంటే నా లెక్కలో ముందు ఊళ్లో ఉండటం.

డెల్టాకు దక్షిణాన ఒంగోలులో 1854 జనవరి 1న జరిగింది కూడా చెప్పాలి. తెలతెలవారుతుండగా మిషనరీ జ్యూయెట్ దంపతులు, వారితో ఉన్న తెలుగు విశ్వాసులు గుట్ట ఎక్కి, కింద ఊరును చూస్తూ ప్రార్థించారు. అప్పటికి ఆ ఊళ్లో మిషను లేదు. 12 ఏళ్లకు మిషనరీగా క్లౌ దొర వచ్చారు. ధాత కరువులో జనం ఆకలితో మలమల మాడుతుంటే, ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని కూలి పని ఇప్పించారు. కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సభల్లో అందరూ ఆ అంకెనే చెబుతారు. నాకు మాత్రం ఆ కాలువ గట్టు గుర్తుకొస్తుంది. గుట్ట మీది ప్రార్థన పలుగూ పారా పట్టింది అక్కడే.

1912 డిసెంబరు 29న వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు దోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. తర్వాత కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆ డయోసిస్‌లో కలిశాయి. ఆ కాలపు పల్లెలను తలుచుకుంటే మనసు నిండిపోతుంది. పొలం పని ముగించుకుని కూలీలు ఇళ్లకు చేరాక గంట మోగేది. పగలు బడిగా ఉన్న పాకే రాత్రికి గుడి. పలకలు దిద్దించిన పంతులే ప్రార్థన నడిపేవాడు. చదువు రాని తల్లులు కీర్తనలు కంఠస్థం పట్టేవాళ్లు. అన్నం వండబోయే ముందు పిడికెడు బియ్యం కుండలో వేసి దేవుని పనికి తీసి ఉంచేవాళ్లు. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఆ పిడికెడే ఉపవాస ప్రార్థన.

అయితే ఈ చరిత్రలో మచ్చ లేదనడం అబద్ధం. కులం చర్చి గుమ్మం బయట చెప్పులు విప్పి ఆగిపోలేదు, లోపలికి వచ్చి కూర్చుంది. మాలలకొక గుడి, మాదిగలకొక గుడి ఉన్న ఊళ్లు ఉన్నాయి. అజరయ్య గారు దానితో జీవితాంతం పోరాడారు. శోధన బయటి నుంచే వస్తుందనుకునేవాళ్లు మెలకువగా ఉన్నట్టు కాదు. గెత్సేమనే తోటలో నిద్రపోయింది కూడా యేసు సొంత శిష్యులే.

బెజవాడ పక్కన గుణదల కొండ మీద 1924లో ఆర్లాటి పాదిరీ గారు మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఏ మతమని అడగకుండా జనం ఆ మెట్లెక్కుతున్నారు. కొవ్వొత్తి వెలిగించే చేతుల్లో హిందువులవీ ఉంటాయి. 1938లో మొదలైన దేవదాసు అయ్యగారి బైబిలు మిషను దేవుని సన్నిధిలో కనిపెట్టడం నేర్పింది. బక్త్ సింగ్ గారి సహవాసాలు రాత్రంతా మోకరించడం అలవాటు చేశాయి.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేల మందిని మింగింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు బెజవాడలోని సింగ్ నగర్‌ను ముంచింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోయాయి. ఆరాధన జరగాల్సిన ఆ ఆదివారం ఉదయం, మేడల మీద మంచినీళ్ల కోసం చేతులు చాచిన వాళ్లను చూశాం. అలాంటి రోజున ప్రార్థనకూ పడవకూ తేడా ఉండదు.

ఇప్పుడు ప్రార్థన మనవుల చీటీలు చదువుతుంటే నాకు దిగులేస్తుంది. వీసా, ఉద్యోగం, పెళ్లి సంబంధం, స్థలం రిజిస్ట్రేషన్. అవి అడగకూడదని కాదు. కానీ బబులోను చెరలో ఉన్నవాళ్లకే, ఆ పరాయి పట్టణం క్షేమం కోసం ప్రార్థించమని యిర్మీయా ఉత్తరం రాశాడే! మనం పుట్టి పెరిగిన బెజవాడకు మన చీటీలో ఒక్క వరుసైనా లేదా? ఈ డిసెంబరు 31 రాత్రి చర్చికి వెళ్లే ముందు మీ వీధి ఒక చివరి నుంచి మరో చివరి దాకా నడవండి. తలుపు మూసి ఉన్న ఇల్లు, మంచాన పడ్డ ముసలాయన, తాగుడుతో కూలుతున్న కాపురం, మాట్లాడుకోని రెండు కులాల గుమ్మాలు, అన్నీ చూసి ఆ పేర్లతో మోకరించండి. జనవరి 1న వెళ్లి ఆ తలుపులు తట్టండి.