ఫైబర్ కాంక్రీటు స్లాబులు - పగులు తర్వాత నిలిచే బలమే కొలమానం

కాంక్రీటు ఒత్తిడిని తట్టుకున్నంతగా లాగుడును తట్టుకోలేదు. దాని తన్యతా బలం సంపీడన బలంలో సుమారు పదో వంతు మాత్రమే. ఈ లోపాన్ని పూరించుటకే ఇనుప కడ్డీలను అమర్చుట జరుగుతున్నది. మట్టి గోడలు బీటలు వారకుండా అడుసులో గడ్డి కలిపి తొక్కే పద్ధతి మన పల్లెలకు కొత్త కాదు. అదే సూత్రంపై కాంక్రీటు మిశ్రమంలోనే పొట్టి ఫైబర్‌ను, అనగా పీచును, కలిపి తయారుచేసేదే ఫైబర్ కాంక్రీటు. గోదాములు, కర్మాగారాల గచ్చులు, రోడ్లు, సొరంగాల నిర్మాణంలో దీనిని వినియోగిస్తున్నారు. అయితే ఇది ఇనుప కడ్డీలకు ఎక్కడ ప్రత్యామ్నాయం కాగలదు, ఎక్కడ కాజాలదు అన్న విచక్షణ లోపిస్తే భద్రతకే ముప్పు వాటిల్లగలదు.

ఫైబర్ రకాలు

నిర్మాణ బలం కొరకు సాధారణంగా 30 నుండి 60 మిల్లీమీటర్ల పొడవు గల, కొనలు వంచిన స్టీల్ ఫైబర్‌ను వాడుతారు. గచ్చులకు ఘనపు మీటరు కాంక్రీటుకు 20 నుండి 40 కిలోల వరకు కలుపుట వాడుక. ఘనపరిమాణంలో ఇది సుమారు 0.25 నుండి 0.5 శాతం. సన్నని పాలీప్రొపిలీన్ ఫైబర్‌ను ఘనపు మీటరుకు ఒక కిలోకు లోపుగానే వాడుతారు. తడి కాంక్రీటు ఆరే దశలో ఏర్పడే నెర్రెలను ఇది అదుపు చేస్తుందే తప్ప, గట్టిపడిన స్లాబుకు భారం మోసే శక్తిని చేకూర్చదు.

స్లాబు ప్రవర్తన

ఈ మోతాదులో ఫైబర్ తొలి పగులును నివారించజాలదు. దాని పని పగులు ఏర్పడిన తరువాతనే మొదలవుతుంది. పగులుకు ఇరువైపులా వంతెనవలె నిలిచి, తెగిపోకుండా మెల్లగా ఊడివస్తూ, అది శక్తిని గ్రహిస్తుంది. నేలపై ఆనిన స్లాబులో ఒకచోట పగులు ఏర్పడినా భారం పక్క భాగాలకు, దిగువ నేలకు పంపిణీ అవుతుంది. కావున తొలి పగులు తరువాత కూడా స్లాబు అదనపు భారాన్ని మోయగలదు. రెండు గోడలపై మాత్రమే ఆనిన పైకప్పు స్లాబుకు ఈ సౌలభ్యం లేదు. అందులో నడుమ ఏర్పడే ఒక్క పగులే కూలుటకు దారితీయవచ్చు.

గణన నమూనాలు

నేలను స్ప్రింగుల వరుసగా భావించే నమూనాను 1867లో వింక్లర్ ప్రతిపాదించారు. దాని ఆధారంగా 1926లో వెస్టర్‌గార్డ్ కాంక్రీటు రోడ్లకు సూత్రాలను రూపొందించారు. అవి పగులు ఏర్పడని స్లాబుకే వర్తిస్తాయి గనుక ఫైబర్ ప్రయోజనం వాటిలో కానరాదు. 1943లో జొహాన్సెన్ క్రోడీకరించిన యీల్డ్ లైన్ సిద్ధాంతం పగుళ్ల వెంబడి నిలిచిన వంపు బలాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. పగులు వెడల్పు పెరిగేకొద్దీ లాగుడు బలం క్రమంగా తగ్గే తీరును 1976లో హిల్లర్‌బోర్గ్, ఆయన సహచరులు నమూనాగా మలిచారు. నేటి కంప్యూటర్ విశ్లేషణలకు ఇది ముఖ్య ఆధారాలలో ఒకటి.

పరీక్షలు, ప్రమాణాలు

ఈ నమూనాలకు కావలసిన విలువలు పరీక్షల ద్వారానే లభిస్తాయి. యూరోపియన్ ప్రమాణం 14651 ప్రకారం 150 మిల్లీమీటర్ల చదరపు కోత గల దూలానికి 25 మిల్లీమీటర్ల గాటు పెట్టి వంచుతారు. గాటు మూతి 0.5, 2.5 మిల్లీమీటర్లు తెరుచుకున్నప్పుడు మిగిలే బలాన్ని ‘ఫిబ్ మోడల్ కోడ్ 2010’ డిజైనుకు ఆధారంగా తీసుకుంటుంది. మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1997లో వెలువరించిన ఎస్.పి. 46 ప్రచురణను 2013లో సవరించింది.

పాటించవలసిన జాగ్రత్తలు

ఫైబర్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. మిక్సర్ తిరుగుతుండగా కొద్దికొద్దిగా చల్లాలి. మిశ్రమం బిగుసుకున్నదని నీరు పోయరాదు. తగిన ప్లాస్టిసైజర్‌ను వాడాలి. ఫైబర్ అంతటా సమానంగా పరచుకోనిచో పరీక్షలో వచ్చిన బలం స్లాబులో లభించదు.

కొనుగోలుదారులు ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్నది మాత్రమే గాక, పగులు తర్వాత నిలిచే బలానికి సంబంధించిన పరీక్షా పత్రాన్ని కోరుట శ్రేయస్కరం. ఇంటి పైకప్పు, బాల్కనీ, మెట్ల స్లాబులలో స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టి ఆమోదించనిదే ఒక్క కడ్డీని కూడా తగ్గించరాదు.