ఆముదం నుంచి ఇరవై-యాభై వరకు



తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి వెళ్ళే దారిలో కనకమ్మ సత్రం ఉంది. సత్రం అంటే ఎండన పడి వచ్చిన బాటసారి కాసేపు నీడపట్టున ఆగే చోటు. ఈ దారిలో కాలినడకన వెళ్ళేవారు తగ్గి, మోటారు సైకిళ్ళ మీద వెళ్ళేవారు పెరిగి చాలా కాలమైంది. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. మనిషి అలసిపోతే నీడకు చేరతాడు. మరి బండి ఇంజన్ సంగతి? గాలితో చల్లబడే ఇంజన్‌కు ఉన్న ఆధారాలు రెండే. పైన తగిలే గాలి ఒకటి, లోపల తిరిగే నూనె రెండవది. ఆ నూనె చరిత్ర కొంచెం తెలుసుకుంటే, వేసవిలో ఏ ఆయిల్ పోయించాలో మీకే అర్థమవుతుంది.

తొలినాటి ఇంజన్లకు వాడిన మేలైన నూనెలలో మన ఆముదం ఒకటి. తమిళంలో దీనిని విళక్కెణ్ణెయ్, అంటే దీపపు నూనె అంటారు. ఆముదం వేడికి కూడా లోహాన్ని పట్టుకుని ఉంటుంది, పెట్రోలులో సులువుగా కలిసిపోదు. అందుకే 1914-18 యుద్ధకాలంలో రోటరీ ఇంజన్ల విమానాలకు ఆముదం పోసేవారు. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో స్థాపించిన కంపెనీ, ఆముదం కలిపిన తన నూనెకు 1909లో కాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న కాస్టర్ అనే పేరే దానికి మూలం. అయితే ఆముదానికి ఒక లోపం ఉంది. వేడికి జిగురు కట్టి పిస్టన్ రింగులను పట్టేస్తుంది. ఇంజన్‌ను మాటిమాటికీ విప్పి శుభ్రం చేయాలి. అందువల్ల భూమిలో దొరికే ముడిచమురు నుంచి తీసిన నూనె క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది.

ఈ నూనెకూ ఒక చిక్కు ఉంది. బెల్లం పాకం చూడండి. పొయ్యి మీద ఉన్నప్పుడు జారుతుంది, చల్లారితే ముద్ద కడుతుంది. నూనె కూడా అంతే. ఎంత చిక్కదనం ఉండాలో కొలిచి చెప్పడానికి అమెరికాలోని ఎస్.ఏ.ఇ. అనే ఇంజనీర్ల సంఘం 1911లో ఒక పద్ధతి పెట్టింది. డబ్బా మీద మనం చూసే 30, 40, 50 అంకెలు ఆ పద్ధతిలోవే. పూర్వం చలికాలానికి ఒక నూనె, ఎండాకాలానికి అంతకన్నా చిక్కనిది మార్చి పోసేవారు. 1950ల దశకంలో రెండు కాలాలకూ పనికివచ్చే మల్టీగ్రేడ్ నూనెలు వ్యాప్తిలోకి వచ్చాయి. 20డబ్ల్యూ-50 అటువంటిదే. 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీల ఎండ వరకు పనిచేస్తుందని కొందరు దీనికి అర్థం చెబుతారు. అది సరికాదు. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందున్న అంకె చలిలో నూనె ఎలా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె ఇంజన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1955లో మద్రాసు మోటార్స్ వారు ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించారు. తిరువొత్తియూరులో బుల్లెట్ బండ్లు తయారయ్యాయి. 1970లో ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడినా ఇక్కడ మాత్రం ఆగలేదు. ఆ పాత బుల్లెట్‌ది పోత ఇనుప సిలిండర్. గేర్‌బాక్సుకు, క్లచ్‌కు నూనె వేరువేరు గదులలో ఉండేది. వేసవిలో ఆ ఇంజన్‌కు చిక్కని నూనె సరిపోయింది. కార్లకు అమ్మే 20డబ్ల్యూ-50 పోసినా క్లచ్‌కు దానితో సంబంధం లేదు. ఎండకు చిక్కని నూనే మందు అనే మాట ఆ బండ్ల కాలంలో నిజం.

1980లో వచ్చిన టి.వి.ఎస్. 50, 1985లో వచ్చిన ఆర్.ఎక్స్. 100 వంటి టూ స్ట్రోక్ బండ్లలో ఇంజన్ నూనె పెట్రోలుతో పాటు కాలిపోయేది. అదే 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చింది. ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఈ ఫోర్ స్ట్రోక్ బండిలో ఇంజన్‌కు, గేర్లకు, క్లచ్‌కు అన్నిటికీ ఒకటే నూనె. అది కూడా ఒక లీటరుకు మించదు. లోపల నూనె నడిచే దారులు సన్నం. కార్ల నూనెలలో రాపిడి తగ్గించే మందులు కలపడం ఎక్కువయ్యాక, ఆ నూనె పోసిన బండ్లలో క్లచ్ జారే ప్రమాదం వచ్చింది. అందుకే జపాన్ వారు 1998లో మోటారు సైకిల్ నూనెలకు జాసో అనే ప్రమాణం తెచ్చారు. డబ్బా మీద జాసో ఎం.ఏ. లేదా ఎం.ఏ.2 అని ఉంటే అది ఇటువంటి క్లచ్‌కు తగిన నూనె.

కాబట్టి ఎండను మాత్రమే చూసి నూనె ఎంచకండి. ఇంజన్ ఏ కాలం నాటిదో చూడండి. పాత బుల్లెట్‌కు 20డబ్ల్యూ-50 తగినది. కొత్త బుల్లెట్‌కు కంపెనీ చెప్పేది 15డబ్ల్యూ-50. స్ప్లెండర్ వంటి బండికి 10డబ్ల్యూ-30. మండువేసవి కదా అని స్ప్లెండర్‌లో బుల్లెట్ నూనె పోస్తే, స్టార్ట్ చేయగానే నూనె పైకి చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. బండితో ఇచ్చిన చిన్న పుస్తకం పడేయకండి.

ఇంకొక మాట. చిక్కదనం కన్నా కొలత ముఖ్యం. లీటరు పట్టేచోట పావు లీటరు తగ్గితే, మిగిలిన ముప్పావు లీటరే మొత్తం వేడిని మోయాలి. నూనె చాలక పిస్టన్ పట్టేస్తే వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. లారీలు తిరిగే ఈ రహదారిలో అది ప్రాణాలకే ముప్పు. పాలక్యాన్లు వేసుకుని తెల్లవారుజామునే బయలుదేరే వారికైతే బండి ఆగిన రోజు కూలి కూడా పోయినట్టే. కాబట్టి వారానికి ఒకసారి బండిని చదునైన నేల మీద నిలిపి నూనె కొలత చూడండి. గేర్ల మధ్య నలిగి మల్టీగ్రేడ్ నూనె చిక్కదనం కోల్పోతుంది కనుక, చెప్పిన కిలోమీటర్లకు మార్పించండి. ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పారేయండి. లేకపోతే అందులోనే వాడిన నూనె నింపి మళ్ళీ మనకే అమ్మవచ్చు.

దీపానికి నూనె చాలకపోతే ఒత్తి మాడుతుందని మన పెద్దలకు తెలుసు. ఇంజన్ విషయమూ అంతే. సెలవు.