లినక్స్‌లోనూ వీడియో కాల్.. మార్గాలు అనేకం!

విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు సరిపడే హంగులు లేని పాత కంప్యూటర్లను పారవేయలేక, కొత్తవి కొనలేక ఉబుంటు, మింట్ వంటి లినక్స్ వ్యవస్థల వైపు చూస్తున్నవారున్నారు. లేఖలు రాసుకోవడానికి, ఇంటర్నెట్ వీక్షణకు, పాటలు వినడానికి లినక్స్‌లో లోటు లేదన్న విషయం తెలిసినదే. అయినా ఒక సందేహం వారిని వెనక్కి లాగుతుంటుంది. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లలను చూస్తూ మాట్లాడటం ఎలా? ఆన్‌లైన్ తరగతులకు, ఉద్యోగ ఇంటర్వ్యూలకు హాజరుకావడం ఎలా?

ఈ సందేహానికి ఒకనాడు గట్టి కారణాలే ఉండేవి. నేడు ఆ పరిస్థితి మారింది. అయితే ఏ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోవాలన్నది తెలిసి ఎంచుకోవాలి. ఒకే సంస్థ ఇచ్చే ప్రత్యేక అప్లికేషన్‌పై పూర్తిగా ఆధారపడిన లినక్స్ వినియోగదారులకు గతంలో ఒకటికి రెండుసార్లు నిరాశే ఎదురైంది. బ్రౌజర్‌లో నడిచేవి, అందరికీ తెరిచి ఉన్న ప్రమాణాలపై నిర్మించినవి మాత్రం నిలిచాయి. ఆ వివరాలివీ..

నాటి ఇబ్బందులు

2000 దశకంలో లినక్స్‌లో వీడియో కాల్ అంటే 'ఎకిగా' పేరే వినిపించేది. మొదట్లో దీనిని 'గ్నోమ్ మీటింగ్' అనేవారు. ఉబుంటుతో పాటే వచ్చేది. దీని చివరి విడుదల 4.0.1 వెర్షన్ 2013లో వెలువడింది. ఆ తర్వాత అభివృద్ధి నిలిచిపోయింది.

కెమెరాల సమస్య అంతకన్నా పెద్దది. ఒక్కో వెబ్‌క్యామ్‌కు ఒక్కో డ్రైవర్‌ను వెతుక్కోవలసి వచ్చేది. 2008లో విడుదలైన లినక్స్ కెర్నల్ 2.6.26లో 'యూవీసీ' కెమెరాల డ్రైవర్ చేరడంతో ఈ బాధ చాలావరకు తప్పింది. యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లన్నీ ఒకే పద్ధతిలో పనిచేయాలని నిర్దేశించిన ప్రమాణమే యూవీసీ. నేడు బజారులో దొరికే సాధారణ యూఎస్‌బీ కెమెరాలు తగిలించగానే పనిచేయడానికి కారణం ఇదే.

స్కైప్ కథ వేరు. మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లకు దీనిని కొనుగోలు చేసేందుకు ఒప్పందం కుదుర్చుకుంది. లినక్స్ కోసం ఉన్న పాత స్కైప్ 2017లో పనిచేయడం మానేసింది. కొత్త రూపం వచ్చింది గానీ, 2025 మే 5న స్కైప్ సేవలే పూర్తిగా మూతపడ్డాయి. మైక్రోసాఫ్ట్ టీమ్స్ విషయంలోనూ ఇంతే. 2019 డిసెంబరులో లినక్స్‌కు ప్రత్యేక అప్లికేషన్ వచ్చింది. మూడేళ్లకే, 2022 డిసెంబరులో దానిని ఉపసంహరించారు.

బ్రౌజర్ ఉంటే చాలు

ఈ చిక్కులన్నింటికీ పరిష్కారం బ్రౌజర్ రూపంలో లభించింది. 'వెబ్ ఆర్‌టీసీ' అనే సాంకేతిక పరిజ్ఞానాన్ని గూగుల్ 2011లో అందరికీ ఉచితంగా విడుదల చేసింది. కెమెరా, మైకుల నుంచి చిత్రాన్ని, ధ్వనిని తీసుకుని, కుదించి, అవతలివారికి చేరవేసే పనిని ఇది బ్రౌజర్‌కే అప్పగిస్తుంది. ప్రత్యేకంగా ఏ ప్లగిన్ వేసుకోనక్కర లేదు. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2021 జనవరిలో దీనిని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది.

ఫైర్‌ఫాక్స్, క్రోమ్, క్రోమియం బ్రౌజర్లలో ఏది ఉన్నా దాదాపు అన్ని వీడియో సేవలూ లినక్స్‌లో అందుబాటులోకి వస్తాయి. ప్రభుత్వ టెలివైద్య సేవ 'ఇ-సంజీవని'లో వైద్యునితో మాట్లాడేందుకూ బ్రౌజర్ మార్గం ఉంది. అయితే కంప్యూటర్ 64 బిట్‌ది అయి ఉండాలి. 32 బిట్ లినక్స్‌కు క్రోమ్ 2016లోనే దూరమైంది. ఫైర్‌ఫాక్స్ సైతం 2025 నవంబరులో వచ్చిన 145వ వెర్షన్ నుంచి మద్దతు నిలిపివేసింది.

ఏది ఎవరికి అనుకూలం?

జిట్సీ మీట్: ఖాతాల గొడవ వద్దనుకునే కుటుంబాలకు ఇది చక్కని ఎంపిక. 2003లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బల్గేరియా విద్యార్థి ఎమిల్ ఇవోవ్ చేపట్టిన ప్రాజెక్టు దీనికి మూలం. బల్గేరియన్ భాషలో జిట్సీ అంటే 'తీగలు' అని అర్థం. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. సంస్థ నడిపే ఉచిత సర్వర్‌లో సమావేశం ప్రారంభించేవారు మాత్రం 2023 ఆగస్టు నుంచి గూగుల్, ఫేస్‌బుక్, గిట్‌హబ్ ఖాతాల్లో ఏదో ఒకదానితో లాగిన్ కావాలి. మిగిలినవారు లింకు నొక్కి, పేరు రాసి లోపలికి వెళ్లవచ్చు. విదేశంలోని కుమారుడు గది తెరిచి లింకు పంపితే ఊళ్లోని తల్లిదండ్రులకు ఏ ఖాతా అవసరం ఉండదు. కళాశాలలు, సంస్థలు సొంత సర్వర్‌లో దీనిని నెలకొల్పుకోవచ్చు. అప్పుడు సంభాషణ బయటి సంస్థ సర్వర్ గుండా వెళ్లదు.

గూగుల్ మీట్: జీమెయిల్ ఖాతా ఉన్నవారికి సులువైన మార్గం. ఫైర్‌ఫాక్స్‌లోనూ, క్రోమ్‌లోనూ పనిచేస్తుంది. ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకు మించి పాల్గొనే సమావేశానికి 60 నిమిషాల పరిమితి ఉంది. వంద మంది వరకు చేరవచ్చు. ఇద్దరి మధ్య సంభాషణకు ఈ గంట పరిమితి వర్తించదు.

జూమ్: ఆన్‌లైన్ తరగతులు, ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ తరచుగా ఎదురయ్యేది ఇదే. ఉబుంటు, డెబియన్, ఫెడోరా తదితర వ్యవస్థలకు వేర్వేరు ప్యాకేజీలను సంస్థ స్వయంగా అందిస్తోంది. ఇన్‌స్టాల్ చేసుకోవడం ఇష్టం లేనివారు సమావేశ లింకు తెరిచినప్పుడు కనిపించే 'బ్రౌజర్ నుంచి చేరండి' అన్న అవకాశాన్ని ఎంచుకోవచ్చు. ఉచిత ఖాతాలో 40 నిమిషాల పరిమితి ఉంది. వ్యక్తులకు జూమ్ సురక్షిత వేదిక కాదంటూ 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ హెచ్చరించిన సంగతి తెలిసిందే. అదే ఏడాది అక్టోబరు నుంచి ఆద్యంత గుప్తీకరణ సదుపాయాన్ని సంస్థ ప్రవేశపెట్టింది. అది దానంతట అది అమలు కాదు. సెట్టింగుల్లో ఎంచుకోవాలి.

టీమ్స్: ప్రత్యేక అప్లికేషన్ పోయినా సేవ ఆగలేదు. క్రోమ్‌లో గానీ, లినక్స్‌కు సైతం లభించే ఎడ్జ్ బ్రౌజర్‌లో గానీ టీమ్స్ వెబ్‌సైట్‌ను తెరిచి సమావేశాలకు హాజరుకావచ్చు. బ్రౌజర్ మెనూ ద్వారా దానిని అప్లికేషన్ మాదిరిగా డెస్క్‌టాప్‌పై అమర్చుకోవచ్చు.

సిగ్నల్: గోప్యతకు పెద్దపీట వేసేవారికి తగినది. డెబియన్, ఉబుంటు తరహా వ్యవస్థలకు అధికారికంగా లభిస్తుంది. ముందుగా ఫోనులో ఖాతా తెరిచి, దానిని కంప్యూటర్‌కు జోడించుకోవాలి. 2020 నుంచి డెస్క్‌టాప్‌లోనూ వీడియో కాల్ సదుపాయం ఉంది. సంభాషణలన్నీ ఆద్యంతం గుప్తీకరణలోనే సాగుతాయి. అవతలివారికీ సిగ్నల్ ఉండాలన్నదే షరతు. టెలిగ్రామ్ డెస్క్‌టాప్ అప్లికేషన్‌తోనూ ఇద్దరు వీడియో కాల్ చేసుకోవచ్చు.

జామి: కెనడాలోని మాంట్రియల్ నగరానికి చెందిన సంస్థ అభివృద్ధి చేసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. మధ్యలో కేంద్ర సర్వర్ లేకుండా రెండు కంప్యూటర్లు నేరుగా మాట్లాడుకుంటాయి. ఫోన్ నంబరు, ఈమెయిల్ ఏదీ ఇవ్వనక్కర లేదు. ఒకే స్థానిక నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాల మధ్య ఇంటర్నెట్ లేకున్నా పనిచేయగలదు. మొదటిసారి అమర్చుకునేటప్పుడు కొంత ఓపిక అవసరం.

వాట్సాప్, ఫేస్‌టైమ్ మాటేమిటి?

మన ఇళ్లలో వీడియో కాల్ అనగానే వాట్సాప్ గుర్తుకొస్తుంది. విండోస్, మ్యాక్‌లకు ఉన్నట్లు లినక్స్‌కు అధికారిక అప్లికేషన్‌ను ఆ సంస్థ విడుదల చేయలేదు. లినక్స్ కోసమంటూ ఆ పేరుతో కనిపించేవి బయటివారు తయారుచేసినవి. వాటికి ఖాతా అప్పగించే ముందు ఆలోచించాలి. కుటుంబమంతా వాట్సాప్‌లోనే ఉంటే కాల్స్‌కు ఫోనును వాడుతూ, పెద్ద తెర కావలసినప్పుడు అదే గ్రూపులో జిట్సీ లేదా మీట్ లింకు పంపుకోవడం ఆచరణీయ మార్గం.

ఐఫోన్ వాడే బంధువులు ఫేస్‌టైమ్ లింకు పంపుతుంటారు. 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి ఆపిల్ ఈ సదుపాయం కల్పించింది. అయితే ఆండ్రాయిడ్, విండోస్‌లలోని క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్ల పేర్లనే ఆ సంస్థ అధికారికంగా పేర్కొంటోంది. కాబట్టి లినక్స్‌లో దానిపైనే ఆధారపడకపోవడం మేలు.

ముందే పరీక్షించాలి

లినక్స్‌ను కంప్యూటర్‌లో వేయకముందే అందులో కెమెరా పనిచేస్తుందో లేదో చూసుకునే వీలుంది. ఉబుంటు, మింట్‌లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్‌ను ప్రారంభించవచ్చు. పాత వ్యవస్థకు ఏ హానీ జరగదు. అందులోనే బ్రౌజర్ తెరిచి ఒక కాల్ చేసి చూసిన తర్వాత నిర్ణయం తీసుకోవడం ఉత్తమం. ఇటీవలి కొన్ని ల్యాప్‌టాప్‌లలో కెమెరాను యూఎస్‌బీ పద్ధతిలో కాకుండా 'ఎంఐపీఐ' పద్ధతిలో అమరుస్తున్నారు. ఇటువంటివి లినక్స్‌లో వెంటనే పనిచేయకపోవచ్చు. అటువంటప్పుడు విడిగా యూఎస్‌బీ వెబ్‌క్యామ్ తగిలించుకోవడమే తేలిక దారి.

బొమ్మ రాకుంటే.. మాట వినపడకుంటే..

* ముందుగా 'చీజ్' లేదా 'స్నాప్‌షాట్' అనే కెమెరా అప్లికేషన్ తెరిచి చూడాలి. అందులో ముఖం కనిపిస్తే కెమెరా సరిగానే ఉన్నట్లు. లోపం బ్రౌజర్ అనుమతుల్లో ఉంటుంది. చిరునామా పట్టీ పక్కనున్న గుర్తును నొక్కి కెమెరాకు, మైకుకు అనుమతి ఇవ్వాలి.

* కెమెరాను సాధారణంగా ఒక సమయంలో ఒక ప్రోగ్రామే వాడుకోగలదు. పరీక్ష పూర్తికాగానే ఆ అప్లికేషన్‌ను మూసివేయాలి. లేకుంటే కాల్‌లో నల్లని తెరే కనిపిస్తుంది.

* మాట వినపడకుంటే ధ్వని సెట్టింగుల్లో 'ఇన్‌పుట్' వద్ద సరైన మైకు ఎంపికైందో లేదో చూడాలి. బ్లూటూత్ హెడ్‌సెట్లు పాటలకు ఒక తీరులో, మాటలకు మరో తీరులో పనిచేస్తాయి. మైకు కావాలంటే 'హెడ్‌సెట్' తీరును ఎంచుకోవాలి.

* తెరపై ఉన్నది ఇతరులకు చూపేటప్పుడు ఖాళీ తెర కనిపిస్తే, అది సాధారణంగా 'వేలాండ్' అనే కొత్త ప్రదర్శన పద్ధతికి, పాత అప్లికేషన్‌కు పొసగకపోవడం వల్లే. అప్లికేషన్‌ను నవీకరించాలి. లేదా బ్రౌజర్ ద్వారా చేరాలి. ఉబుంటు 24.04లో లాగిన్ తెరపై పళ్లచక్రం గుర్తు నొక్కి 'ఎక్స్.ఆర్గ్' పద్ధతికి మారవచ్చు. 2025 అక్టోబరులో వచ్చిన 25.10 నుంచి ఈ అవకాశం లేదు.

డేటా ఎంత ఖర్చవుతుంది?

ఇద్దరి మధ్య నాణ్యమైన వీడియోకు పంపడానికి, అందుకోవడానికి సెకనుకు 600 కిలోబిట్ల చొప్పున వేగం ఉండాలని జూమ్ సూచిస్తోంది. ఈ లెక్కన గంట మాట్లాడితే వెళ్లేది 270, వచ్చేది 270, మొత్తం సుమారు 540 మెగాబైట్లు. రోజుకు 1.5 జీబీ మొబైల్ ప్యాక్‌ను కంప్యూటర్‌కు పంచుకునేవారు రెండున్నర గంటలు దాటితే ఆ రోజు కోటా దాదాపు అయిపోయినట్లే. వీడియో నాణ్యతను సెట్టింగుల్లో తగ్గించుకుంటే ఆదా అవుతుంది. సంకేతం బలహీనంగా ఉన్న గ్రామాల్లో ముఖం చూసిన తర్వాత కెమెరా ఆపి మాటలు కొనసాగించడం మంచిది.

మోసాలతో జాగ్రత్త

సాఫ్ట్‌వేర్ ఏదైనా, అవతల ఉన్నది ఎవరన్నదే ముఖ్యం. పోలీసులమని, సీబీఐ అధికారులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్టు' మోసాలు పెచ్చరిల్లాయి. ఇటువంటి వాటికి వాడిన వెయ్యికి పైగా స్కైప్ ఖాతాలను మైక్రోసాఫ్ట్ సహకారంతో నిరోధించినట్లు 2024 మేలో కేంద్ర హోంశాఖ వెల్లడించింది. వీడియో కాల్‌లో అరెస్టు చేసే విధానం మన చట్టాల్లో లేదు. ఎవరైనా బెదిరిస్తే కాల్ కట్ చేసి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫిర్యాదు చేయాలి. తెర పంచుకోమని అపరిచితులు కోరితే అంగీకరించరాదు. సాఫ్ట్‌వేర్‌ను ఆయా సంస్థల అధికారిక వెబ్‌సైట్ల నుంచి గానీ, లినక్స్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ కేంద్రం నుంచి గానీ మాత్రమే తీసుకోవాలి.

ఎంపిక ఇలా..

తరగతికి, ఇంటర్వ్యూకు ఎంపిక మన చేతిలో ఉండదు. వారు పంపిన లింకు ఏదైతే అదే. ముందురోజే ఆ లింకును బ్రౌజర్‌లో తెరిచి చూసుకుంటే ఆఖరి నిమిషంలో కంగారు ఉండదు. ఇంటివారితో మాటలకు జిట్సీ, మీట్‌లలో ఒకటి చాలు. రహస్యంగా ఉండవలసిన విషయాలకు సిగ్నల్ మేలు. ఒక మార్గం మొరాయించినా, రేపు ఒక సంస్థ తన సేవను మూసివేసినా మాటలు ఆగిపోకుండా రెండో మార్గాన్ని సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంట్లోని పెద్దలకు ఆ రెండింటినీ ఒకసారి దగ్గరుండి చూపించి, లింకులను బ్రౌజర్ బుక్‌మార్కుల్లో పెట్టి ఇస్తే వారు ఎవరిపైనా ఆధారపడనక్కర లేకుండా మాట్లాడుకోగలుగుతారు.