బిడ్డను ఎవరు అడిగిరి?

మీ యింటిలో పదమూడేండ్లు దాటి యిరువదేండ్లు నిండని బిడ్డ యున్నయెడల ఈ వృత్తాంతమును నిదానముగా చదువుడి. ఇది మదనపల్లెకు చెందిన యొక కుటుంబపు చరిత్ర. వారు క్రైస్తవులు కారు. వారిని గూర్చి తీర్పు చెప్పుట మన పనియు కాదు. అయినను వారి కష్టములో మన యిండ్లకు తగిన పాఠ మొకటి యున్నది.

జిడ్డు నారాయణయ్యగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. 1895 మే నెలలో మదనపల్లెలో ఆయనకు ఎనిమిదవ సంతానముగా పుట్టినవాడే కృష్ణమూర్తి. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. 1898లో తమ్ముడు నిత్యానంద పుట్టెను. కృష్ణమూర్తి చిన్ననాట మలేరియాతో బాధపడెను. బడిలో మందబుద్ధి యని పేరుపడి దెబ్బలు తినెను. 1905లో తల్లి సంజీవమ్మగారు కన్నుమూసిరి. అప్పటికి కృష్ణమూర్తికి పదేండ్లు, తమ్మునికి ఏడేండ్లు. నాటినుండి ఆ యిద్దరును ఒకరికొకరు విడువని తోడైరి.

తండ్రి ఉద్యోగము విరమించి, 1909లో కుమారులను వెంటబెట్టుకొని మద్రాసునందలి అడయారుకు చేరెను. అక్కడ దివ్యజ్ఞాన సమాజ పెద్దలలో నొకరైన లెడ్‌బీటరు దొర కృష్ణమూర్తిని చూచి, ఈ బాలుడు లోకమునకు గురువు కాగలవాడని తలంచెను. 1910 మార్చిలో నారాయణయ్యగారు తన యిద్దరు కుమారులకు అనిబిసెంటమ్మగారిని సంరక్షకురాలిగా ఒప్పుకొని కాగితముపై సంతకము చేసెను. పేద తండ్రి, తల్లి లేని పిల్లలు, గొప్ప చదువు, సీమ ప్రయాణము. ఆ సంతకములో ప్రేమ లేదని ఎవరనగలరు?

అయితే కొలది కాలములోనే తండ్రి మనస్సు కలతపడెను. బాలురకు దగ్గరగా మెలగు పెద్దలలో ఒకనియందు ఆయనకు నమ్మకము పోయెను. 1912లో బాలురు ఇంగ్లండు చేరిరి. ఆ యేడే తండ్రి, నా బిడ్డలను నాకిప్పించుడని దావా వేసెను. ఆయన పక్షమున సి. పి. రామస్వామి అయ్యరుగారు వాదించిరి. బిసెంటమ్మగారు తన వాదనను తానే వినిపించుకొనిరి. ఆమెయు బిడ్డల యెడబాటు ఎరిగిన తల్లియే. ఆమె నమ్మకములు తగినవి కావని 1878లో ఇంగ్లండు కోర్టు ఆమె కుమార్తెను ఆమె యొద్దనుండి తీసివేసియుండెను. ఆ కుమార్తెయు, తండ్రి యొద్ద పెరిగిన కుమారుడును, యుక్తవయస్కులైన పిమ్మట తమంతట తామే తల్లి యొద్దకు వచ్చిరి.

1913 ఏప్రిలులో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షమున తీర్పు చెప్పెను. అప్పీలులోను ఆయనయే గెలిచెను. వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. 1914లో ఆ న్యాయాధిపతులు క్రింది తీర్పులను కొట్టివేసిరి. వారు చూపిన కారణములలో ఒకటి మన మనస్సులలో నిలువవలసినది: ఈ వ్యాజ్యములో ఆ బాలుర తరపున ఎవరును నిలువలేదు, వారి కోరిక యేమో ఎవరును కనుగొనలేదు.

దావా వేసిన నాటికి అన్నకు పదునేడేండ్లు, తమ్మునికి పదునాలుగేండ్లు. బిడ్డ తన యిష్టమును తెలివితో చెప్పగల వయస్సువాడైనయెడల కోర్టు దానిని ఆలోచింపవచ్చునని 1890 నాటి సంరక్షకుల చట్టములోనే యున్నది. ఇట్లుండియు, తండ్రి మాట, సంరక్షకురాలి మాట, వకీళ్ల మాట వినబడెను గాని బిడ్డల మాట వినబడలేదు. రెండు కోర్టులలో గెలిచిన ఆ తండ్రి తన కుమారులను తిరిగి పొందలేదు. 1912లో వెడలినవారు 1921 చివర గాని ఈ దేశములో అడుగు పెట్టలేదు. నిత్యానంద 1925లో క్షయతో చనిపోయెను. కృష్ణమూర్తి 1929లో, తన కొరకు పెద్దలు కట్టిన సంఘమును తానే రద్దు చేసి, వారు సిద్ధపరచిన స్థానము నాకు వద్దనెను. అప్పటికి ఆయనకు ముప్పది నాలుగేండ్లు. ఆ మాట పదునాలుగేండ్ల వయస్సులో ఎవరైన అడిగి వినియున్నచో!

చదువరులారా, అది పాత కథ యని పుట త్రిప్పకుడి. నేడును మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పములో ప్రతి వేసవిలోను అటువంటి సంతకములు జరుగుచున్నవి. పదవ తరగతి ముగియగానే, ఎం.పి.సి. యో బై.పి.సి. యో తండ్రి నిర్ణయించును. హాస్టలు కాలేజీకి ఫీజు కట్టును. పెట్టె సర్దుట తల్లి వంతు. కుప్పములో రైలెక్కి బెంగుళూరు పోవు బిడ్డకు ఫోను చేసిన, తింటివా, మార్కులెన్ని అను రెండు ప్రశ్నలే. టమోటా మార్కెట్టులో ఉదయమంతయు నిలిచి అలసిన తండ్రికి మూడవ ప్రశ్న తోచదు. ప్రేమ లేక కాదు. అడుగుట అలవాటు లేక.

లూకా సువార్త రెండవ అధ్యాయము తెరచి చూడుడి. పండ్రెండేండ్ల యేసును మూడు దినములు వెదకి దేవాలయములో కనుగొనిన మరియమ్మ చేయి యెత్తలేదు. ఎందుకిట్లు చేసితివని అడిగెను. తమ వేదనను దాచక చెప్పెను. బిడ్డ ఉత్తరమిచ్చెను. ఆ ఉత్తరము తలిదండ్రులకు బోధపడలేదు. అయినను ఆ తల్లి దానిని త్రోసివేయక హృదయములో భద్రము చేసికొనెను. ఆ బాలుడు వారితో కూడ నజరేతునకు దిగివచ్చి వారికి లోబడియుండెను. అడుగుట, వినుట, తెలియని దానిని ఓర్పుతో దాచుకొనుట: ఈ మూడును ఆ యింట నుండెను.

అడిగినంత మాత్రమున బిడ్డ కోరినదెల్ల ఇయ్యవలెనని కాదు. కాదనవలసిన చోట కాదనుడి. అయితే విన్న తరువాత అనుడి. బిడ్డ చెప్పుచుండగా నడుమ బుద్ధి చెప్పకుడి. నమ్మి చెప్పిన రహస్యమును బంధువుల యెదుట నవ్వులకు వాడకుడి. మీరు తప్పు చేసినయెడల, తప్పు నాదేనని బిడ్డతో చెప్పుటకు సిగ్గుపడకుడి. కుటుంబ ప్రార్థనలో వాని కొరకు మీరు ప్రార్థించుట చాలదు. వాని మాటలతో వానిని ప్రార్థింపనియ్యుడి. మీకు చెప్పలేనిది అప్పుడు దేవునితో చెప్పును. మీరు ప్రక్కన మోకరించి వినవచ్చును.

ఆ బాలుర మాట అడుగలేదని చెప్పుటకు సముద్రము దాటిన న్యాయస్థానము కావలసి వచ్చెను. మీ యింట దానికి కోర్టు అక్కరలేదు. ఈ రాత్రి భోజనమైన తరువాత బిడ్డ ప్రక్కన కూర్చుండి, నీ మనస్సులో ఏమున్నది నాయనా, ఏమున్నది తల్లీ అని అడుగుడి. జవాబు వెంటనే రాకపోవచ్చును. కొంతసేపు ఊరకే కూర్చుండుడి. మన మాటలు రాని మొరలను సహితము ఆలకించు తండ్రి, మనకు ఆ ఓర్పును దయచేయును గాక.