వడ్డవారపు పుస్తకం



హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడు వేయించిన శాసనం ఉన్నది. రుద్రదేవుని విజయాలను అందులో అచింతేంద్రుడు సంస్కృత శ్లోకాలలో వర్ణించాడు. చరిత్ర చదివినవారు సాధారణంగా ఆ శ్లోకాల దగ్గరకే పోతారు. ఎవరిని జయించాడు, ఎవరు పారిపోయారు, కాకతీయులు స్వతంత్రులైనది ఎప్పుడు అన్నవి వారి ప్రశ్నలు. నన్ను నిలబెట్టినది దానిలోని తేది. శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. నేటి లెక్కలో 1163 జనవరి 19. వడ్డవారమంటే శనివారం. ఈ మాట కన్నడ శాసనాలలోనూ కనిపిస్తుంది. మన పల్లెలలో బేస్తవారం ఇంకా బతికే ఉన్నది గాని, వడ్డవారం మాత్రం రాళ్ళమీదనే మిగిలిపోయింది.

పోయిన వేసవిలో మా మనుమరాలికి ఈ మాట చెప్పాను. ఎనిమిదవ తరగతి, నగరంలో ఆంగ్లమాధ్యమం. తెలుగు మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది. "వడ్డవారమంటే వడ్డించే వారమా తాతయ్యా?" అని అడిగింది. వాళ్ళ అమ్మమ్మ వంటింట్లోనుంచి, "నాకు ఏడువారాలూ అవే" అన్నది.

అంతకు ముందురోజే ఆ పిల్ల దుకాణంలో ఒక ప్లానరు కావాలని అడిగింది. లోపల చూస్తే ప్రతి పుటలోనూ ఎవరో ఆంగ్లంలో చెప్పిన హితోక్తులు, తారీకు వేసుకోవడానికి గోరంత చోటు. తిథి లేదు, నక్షత్రం లేదు. "మనమే కుట్టుకుందాం, వేసవి సెలవులలో వచ్చే వడ్డవారాలన్నిటికీ" అన్నాను. ఒక్కొక్క వారం ఒక్కొక్క కవి ఊరికి పోయి రావాలని సంకల్పం.

కుట్టడం నాకు కొత్త కాదు. మా చిన్నతనంలో ఏడాది చివర నోటుపుస్తకాలలో మిగిలిన తెల్లకాగితాలు చింపి, మడతపెట్టి, దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచి, పురికొస వేసి కొత్త పుస్తకం చేసుకునేవాళ్ళం. ఇప్పుడూ అంతే చేశాము. అట్టకు లై ఉడికించి పాత చేనేత దుప్పటి ముక్క అతికించాము. లై పలుచనై మొదటి అట్ట వంకరపోయింది. రెండవది నిలిచింది.

కుడుతున్నంతసేపూ ఆ పిల్లకు కడితం సంగతి చెప్పాను. బట్టకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి పట్టించి, ఎండబెట్టి, మడతలు మడతలుగా పెట్టి, తెల్లని బలపంతో లెక్కలు రాసేవారు. తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. కరణాలు తాటాకుమీద గంటంతో రాసిన లెక్కలు కవిలెలు. "అయితే కడితం వాళ్ళ పలక అన్నమాట" అన్నది. పలకే, కాకపోతే రాజ్యాల జమాఖర్చులు దానిమీద నడిచాయి.

ఇక గీతలు. తేది, తిథి, వారం, బయలుదేరిన గంట, ఊరు, కవి. దాని కింద పుటను నిలువునా రెండు గడులుగా చీల్చి, ఒకదానిపైన "చూచినది", రెండవదానిపైన "వినినది" అని రాయించాను. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. అడిగితే చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది, మీకే చెబుతాను.

ముప్పయ్యొక్క సంవత్సరాలు తెలుగు పాఠం చెప్పాను. పోతన పాఠం వచ్చినప్పుడల్లా, ఆయన పొలం దున్నుతుండగా శ్రీనాథుడు పల్లకిలో వచ్చిన కథ, సింగభూపాలుడు భాగవతాన్ని భూమిలో పూడ్పించిన కథ, కంటితో చూచినవాడిలాగా చెప్పేవాణ్ణి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. ఒక ఏడు వెనుక వరుసలోని కుర్రవాడొకడు లేచి, "సార్, ఇది ఎక్కడ రాసి ఉన్నది?" అని అడిగాడు. వాడి గొంతులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు. నేను, "కూర్చోరా, పెద్ద చరిత్రకారుడివి బయలుదేరావు" అన్నాను. తరగతి నవ్వింది. వాడు కూర్చున్నాడు, మళ్ళీ ఎన్నడూ ఏమీ అడగలేదు. శ్రీనాథుడు పోతనకు బావమరిది అన్న మాటకు, ఆ పల్లకి కథకు చాటుకథలు తప్ప ఆధారం లేదని నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూర్చోబెట్టాను. ఆ రెండు గడులు వాడికి నేను బాకీపడినవి.

ఒక్కరోజు సాహిత్యయాత్రకు మన ఊళ్ళో మంచి పూర్వోదాహరణమే ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేరున వెలసిన క్రీడాభిరామం. (అది శ్రీనాథుని రచన అనేవారూ ఉన్నారు; ఆ తగవు ఇప్పుడు వద్దు.) గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ప్రతాపరుద్రుని కాలపు ఓరుగల్లును ఒక్కరోజులో చుట్టివస్తారు. పూటకూటింట ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కొత్త నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు తింటారు. పల్నాటి వీరుల కథ పాడగా వింటారు, ఏకవీరాదేవిని కొలుస్తారు, కోడిపందేలు చూస్తారు, మాచల్దేవి చిత్రశాలా ప్రవేశపు వేడుక చూస్తారు. నడకే కథ. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించినప్పుడు, కాకతీయుల నాటి జనజీవనానికి ఈ చిన్న వీథినాటకాన్ని ఎంతగానో ఆధారం చేసుకున్నారు.

ఇక్కడ ఒక చిక్కున్నది. దీనికి మూలమైన ప్రేమాభిరామం సంస్కృతంలో రావిపాటి త్రిపురాంతకుడు రాసినది. అది మనకు దొరకలేదు. ఓరుగల్లు 1323లో ఉలుగ్‌ఖాన్ సేనలకు పడిపోయింది. ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి పోతూ దారిలోనే మరణించాడు. తెలుగు చేసిన కవి ఆ తరువాతివాడు. అతడు వర్ణించిన నగరం అతడు చూచినది కాదు, మూలంలో చదివినది, పెద్దలవల్ల వినినది. అంటే నా పుస్తకం ప్రకారం క్రీడాభిరామమంతా రెండవ గడిలోకే పోవాలి. ఖిలాలో నేడు చూడగలిగినవి నాలుగు తోరణాలు, విరిగిన స్తంభాలు, ఏకశిల గుట్ట, ఖుష్‌మహల్. ఆ తోరణాల మధ్య మనుషులు ఏమి తిన్నారో, దేనికి నవ్వారో రాయి చెప్పదు.

మంచనశర్మ నుండి నేను నేర్చుకోవలసినది ఒకటి నేర్చుకోలేదు. అతడు ఒక్క ఊరే చూచాడు. నేను మొదటి వడ్డవారానికే ఖిలా, రామప్ప, పాలకుర్తి, బమ్మెర నాలుగూ రాసుకున్నాను. రామప్ప మాకు ఈశాన్యం, పాలకుర్తి నైరుతి. అష్టావధానం పెట్టుకున్నట్టున్నదని మా అల్లుడు మర్యాదగానే అన్నాడు. ఖిలాలో ఎండ, పాలంపేటలో ఎండ. రామప్పగుడి మెట్ల దగ్గరే మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నది. "ఏమండీ, మిగతావి మీ పుస్తకంలోనే చూస్తాను" అన్నది. వెనక్కి తిరిగాము. ఆ పుటలో మాత్రం ఒక మంచి పంక్తి పడింది. శిల్పి రామప్ప పేరున గుడికి పేరు వచ్చిందన్నది వినినది. 1213 నాటి శాసనంలో ఉన్నది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుని పేరు, రుద్రేశ్వరుని పేరు. 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినదీ ఆ రుద్రేశ్వరాలయానికే.

తరువాతి వారానికి పాలకుర్తి, బమ్మెర రెండే. రెండూ ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నవి, ఒకదానికొకటి దగ్గర. పాలకుర్తిలో గుట్టమీది సోమేశ్వరుని దర్శించుకుని, కింద చెట్టునీడన కూర్చుని పాల్కురికి సోమన సంగతి చెప్పాను. మార్గకవిత్వం రాజసభలలో వెలుగుతున్న రోజులలో ద్విపదను చేపట్టి బసవపురాణం, పండితారాధ్య చరిత్ర రాశాడు. చాకలి, కుమ్మరి, బోయ భక్తులను కావ్యనాయకుల వరుసలో కూర్చోబెట్టాడు. ఆయన కన్నడసీమ పాల్కురికెవాడన్న వాదమూ ఉన్నది. కాలం విషయంలోనూ పండితులు ఒక్కమాట మీద లేరు. ఇవన్నీ ఆ పిల్ల రెండవ గడిలో రాసుకున్నది. "మొదటి గడి ఖాళీగా ఉంది తాతయ్యా" అని, గుట్ట బొమ్మ గీసి నింపింది.

బమ్మెర చేరేసరికి పొద్దు వాలింది. ఊళ్ళో పోతన దున్నిన పొలమని, బావి అని, సమాధి అని చూపిస్తారు. నేను పొలంగట్టున నిలబడి, ఉత్సాహంతో, "రాసుకో, చూచినది, పోతన పొలం" అన్నాను. ఆ పిల్ల కలం ఆపింది.

"పొలం చూశాం. పోతనది అని విన్నాం. కదా?"

నాకు వెనుక వరుస కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. ఈసారి కూర్చోమనలేదు. గట్టుమీదనే నేను కూర్చున్నాను. నా వృత్తిజీవితంలో తరగతిలో ఏనాడూ చెప్పని వాదాన్ని మొదటిసారి ఆ పిల్లకు చెప్పాను. చంద్రగ్రహణంనాడు గంగకు పోయి స్నానంచేసి ధ్యానిస్తుండగా రామచంద్రుడు కనిపించి భాగవతం తెనిగించమన్నాడని, తరువాత తాను ఏకశిలానగరానికి వచ్చానని పోతనే అవతారికలో రాసుకున్నాడు. ఏకశిలానగరమంటే ఓరుగల్లు అని మనం, కాదు కడపసీమలోని ఒంటిమిట్ట అని వారు. ఓరుగల్లుకు ఏకశిల అన్న పేరు కాకతీయుల కాలంనుంచీ ప్రసిద్ధం. ఇంటిపేరు బమ్మెర, ఆ పేరుతో ఊరు ఇక్కడే ఉన్నది. రాచకొండ సింగభూపాలునితో ముడిపడిన భోగినీదండకాన్ని పోతనదిగానే చెబుతారు. ఒంటిమిట్టవారికి కోదండరాముని గుడి ఉన్నది. భాగవతాన్ని రామునికి అంకితమిచ్చినవాడు రాముని గుడి ఉన్న ఊరివాడే అయి ఉంటాడన్నది వారి తర్కం. నాకు మన వాదమే బలమైనదని తోస్తుంది. అయితే, పుట్టిననాటి నుంచీ ఈ నేలమీద ఉన్నవాణ్ణి. నా తూకానికి ఆ మొగ్గు ఉండదని ప్రమాణం చేయలేను. అదీ చెప్పాను.

"అయితే ఏ గడిలో రాయను?"

అప్పటిదాకా బావిగట్టుకు ఆనుకుని కూర్చున్న మా ఆవిడ, ఎవరూ అడగకుండానే గజేంద్రమోక్షం పద్యమొకటి ఎత్తుకున్నది. ఆమెకు చదువు ఐదవ తరగతి. పద్యాలు వాళ్ళ నాయనమ్మ దగ్గర నోటికి వచ్చినవి. మూడవ పాదం దగ్గర దమ్ము చాలక ఆగింది. అవతలి చేనులో గొట్టపుబావి దగ్గర నీళ్ళు మళ్ళిస్తున్న పెద్దాయన తలెత్తకుండానే నాలుగవ పాదం అందుకుని పూర్తిచేసి, పారతో గట్టు సవరించుకుంటూ ముందుకు పోయాడు. ఆయన పేరు మేము అడగలేదు.

ఆ పిల్ల ఆ పద్యాన్ని అమ్మమ్మ చేత మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నది, రెండవ గడిలోనే. ఒత్తులు చాలా తప్పాయి. దిద్దడానికి చేయి పోయింది గాని ఆపుకున్నాను. మూడు పాదాల పక్కన "అమ్మమ్మ", నాలుగవదాని పక్కన "నీళ్ళు కట్టే తాత" అని రాసింది.

సెలవులలో చివరి వడ్డవారం ఊరు దాటలేదు. దాశరథిని నిజాం ప్రభుత్వం ఖైదు చేసిన జైళ్ళలో వరంగల్లుది ఒకటి. నిజామాబాదు జైలు గోడమీద ఆయన బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి మీకు తెలిసినదే. మన జైలు చూపిస్తానని తీసుకుపోయాను గాని, చూపించడానికి జైలు ఎక్కడిది? 2021లో ఖైదీలను తరలించి, కట్టడాన్ని పడగొట్టి, ఆసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి అవసరమే, కాదనను. అయినా ఒక్క గోడముక్కను, దాని ముందు ఒక పలకను నిలిపి ఉంటే రోగులకు పడకలేమీ తగ్గేవి కావు. బడికి పోయే రోజులలో ఆ పొడుగాటి గోడ పక్కనుంచి నడుస్తూ, లోపల ఏమున్నదో అని ఎగిరి చూసేవాణ్ణి. రోడ్డుకు ఇవతల నిలబడి, గోడ ఎక్కడనుంచి ఎక్కడిదాకా ఉండేదో గాలిలో చేతితో గీసి చూపించాను.

మొదటి గడిలో ఆ పిల్ల "ఆసుపత్రి" అని ఒక్క మాట రాసింది. రెండవ గడి నిండి, రాత గీత దాటి మొదటి గడిలోకి పోయింది. అట్లా పోయిన మాటలన్నిటి చుట్టూ పెన్సిలుతో ఒక గోడ గీసింది.

పుస్తకాన్ని నగరానికి తీసుకుపోతుందనుకున్నాను. నా బల్లమీదనే పెట్టిపోయింది. ఇంకా పదకొండు వడ్డవారాలకు కాగితం ఉన్నది. తరువాతి పుటలో ఊరు గడిలో చిన్నగూడూరు, కవి గడిలో దాశరథి అని తానే రాసి, తిథి గడిని నాకు వదిలింది. నిన్న పంచాంగం తీశాను.