సందేహం నుంచి మొత్తం మనిషి దాకా: డెకార్ట్ విచారణలో ఎలిసబెత్ ప్రశ్న

డెకార్ట్ పేరెత్తగానే ఆలోచించే ‘నేను’ గురించిన ఆ ఒక్క వాక్యమే అందరికీ గుర్తొస్తుంది. పాఠాలు అక్కడే ఆగుతాయి, పరీక్ష ప్రశ్నలూ అక్కడే ఆగుతాయి. అన్నిటినీ సందేహించి చివరికి ఒంటరి మనసు దగ్గర తేలినవాడిగా ఆయన్ని పరిచయం చేయడం రివాజైపోయింది. ఇది సగం కథే. సందేహం డెకార్ట్‌ను మనసు దగ్గరికి చేర్చిన మాట నిజమే కానీ, ఆయన అక్కడే ఉండిపోలేదు. ఆకలి, నొప్పి, దిగులు, జబ్బు ఉన్న మొత్తం మనిషి దాకా ఆయన ఆలోచన నడిచింది. ఆ నడకను చివరిదాకా నడిపించింది పాతికేళ్లు నిండని ఒక యువతి వేసిన ప్రశ్న అన్నది ఈ వ్యాసం వాదన.

సగం కథను గట్టిగా పాతుకునేలా చేసినవాడు ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త గిల్బర్ట్ రైల్. 1949లో వెలువడిన ‘ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’ మొదటి అధ్యాయానికి ఆయన పెట్టిన పేరు ‘డెకార్ట్స్ మిత్’. శరీరం యంత్రం, మనసు అందులో దూరిన దెయ్యం. ఈ పొరపాటు ప్రధానంగా డెకార్ట్ నుంచే సంక్రమించిందని రైల్ తీర్పు. ఆ సిద్ధాంతానికి డెకార్ట్ ఒక్కడే మూలం కాదని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా లోకానికి మిగిలింది తీర్పే. ఇంత పెద్ద అభియోగం మోపినప్పుడు నిందితుడి రాతల్ని ఒక్కొక్కటిగా ముందు పెట్టి విచారించాలి కదా! ఆ అధ్యాయంలో అలాంటి విచారణ లేదు. ఆ ప్రశ్న వేసిన యువతి ఎలిసబెత్ ఊసే లేదు.

అసలు సందేహం దగ్గరే రైల్ కథ తడబడుతుంది. 1641లో పారిస్‌లో అచ్చయిన ‘మెడిటేషన్స్’కు డెకార్ట్ స్వయంగా ఒక సంగ్రహం జోడించాడు. లోకం ఉందనీ, మనుషులకు శరీరాలున్నాయనీ బుద్ధి స్థిమితంగా ఉన్నవాడెవడూ నిజంగా సందేహించలేదని అందులో తేల్చి చెప్పాడు. ఇదంతా కలేమో, ఏ మాయావి భూతమో మోసగిస్తోందేమో అన్న ఊహల్ని ముందుకు తెచ్చింది ఏ జ్ఞానం ఎంత గట్టిదో కొలవడానికే. పైగా ఇది ఏకాంతంలో ముగిసిన పని కాదు. పుస్తకం అచ్చు కాకముందే రాతప్రతి చేతులు మారింది. హాబ్స్, ఆర్నో, గసెండీ వంటివారు లేవనెత్తిన ఆక్షేపణలు, వాటికి డెకార్ట్ సమాధానాలు అదే పుస్తకంలో చేరాయి. 1642 నాటి రెండో ముద్రణలో ఏడో ఆక్షేపణ కూడా చేరింది. ఒంటరి మనసును నమ్ముకున్నవాడు తన ప్రత్యర్థుల్ని తన పుస్తకంలోనే కూర్చోబెట్టడు.

ఇక ఆరో మెడిటేషన్. మనసు, శరీరం వేర్వేరు పదార్థాలని డెకార్ట్ నిరూపించబూనింది ఇక్కడే. ఆ వాదన వదులుకున్నాడని ఎవరూ అనలేరు. అయితే అదే అధ్యాయంలో, ఓడలో నావికుడు ఉన్నట్టుగా తాను శరీరంలో లేనని ఆయన నొక్కి చెప్పాడు. ఓడకు చిల్లుపడితే నావికుడు కళ్లతో చూసి తెలుసుకుంటాడు. మనిషి ఒంటికి దెబ్బ తగిలితే చూసి తెలుసుకోడు, బాధపడతాడు. ఆ తర్వాత ఒళ్లు నీరు పట్టిన రోగి ప్రస్తావన వస్తుంది. నీళ్లు తాగితే జబ్బు ముదురుతుంది, అయినా గొంతు ఎండిపోతుంది. ప్రకృతి మనిషిని ఎందుకిలా మోసగిస్తుంది? సందేహంతో మొదలైన గ్రంథం దాహం దగ్గరికి వచ్చి చేరింది. ప్రకృతి మనకు ఇంద్రియాల్ని ఇచ్చింది వస్తువుల అసలు స్వరూపం తెలుసుకోవడానికి కాదు, మనసూ శరీరమూ కలిసిన ఈ మనిషి బతికి బట్టకట్టడానికి అన్నది అక్కడ డెకార్ట్ చేరిన నిర్ణయం.

1644 నాటి ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫిలాసఫీ’ నాలుగో భాగంలో ఒక అమ్మాయి కథ ఉంది. ఆమె చేతికి పెద్ద జబ్బు చేసింది. శస్త్రవైద్యుడు వచ్చినప్పుడల్లా ఆమె కళ్లకు గంతలు కట్టేవారు. గాంగ్రీన్ పాకడంతో చెయ్యి మోచేతి వరకు తీసేయాల్సి వచ్చింది. తీసేసిన చోట గుడ్డలు చుట్టి ఉంచడంతో చెయ్యి పోయిన సంగతి కొన్నాళ్లు ఆమెకు తెలియనే లేదు. ఆ రోజుల్లో ఆమె ఒకసారి ఈ వేలు, ఇంకోసారి ఆ వేలు నొప్పెడుతోందని చెప్పేది. ఆ వేళ్లు అప్పటికే లేవు. మెదడు నుంచి వేళ్ల దాకా సాగిన నరాలు ఇప్పుడు మోచేతి దగ్గరే ముగుస్తున్నా, వాటిలో మునుపటి కదలికే పుడుతోందని డెకార్ట్ వివరణ. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక చలికాలమంతా దాదాపు రోజూ కసాయి దుకాణానికి వెళ్లి, జంతువుల అవయవాలు ఇంటికి తెచ్చుకుని కోసి చూసినవాడు ఆయన. యంత్రంలో దూరిన దెయ్యానికి నరాలతో పనేముంది? ఈ అమ్మాయి బాధను అంత శ్రద్ధగా రాసిపెట్టిన మనిషికి రైల్ అంటగట్టిన సిద్ధాంతం అతకదు.

అసలు మలుపు అంతకు ముందే, 1643 మే నెలలో వచ్చింది. రాజ్యం పోగొట్టుకుని హేగ్‌లో ప్రవాసంలో ఉన్న బొహీమియా రాజకుటుంబపు కూతురు ఎలిసబెత్ అప్పుడు డెకార్ట్‌కు ఉత్తరం రాసింది. ఆత్మ కేవలం ఆలోచించే పదార్థమైతే, అది శరీరాన్ని ఎలా కదిలించగలదని అడిగింది. ఒక వస్తువు ఇంకొకదాన్ని తోయాలంటే తాకాలి, తాకాలంటే దానికి వైశాల్యం ఉండాలి. ఆత్మకు ఆ రెండూ లేవు. బరువు తాకకుండానే వస్తువును కదిలిస్తుందని మనం అనుకునే తీరును ఉదాహరణగా చూపి డెకార్ట్ సర్దిచెప్పబోయాడు. ఆమె ఊరుకోలేదు. చక్కగా తర్కించే అలవాటున్న ఆత్మ కూడా ఒంట్లో ఆవిర్లు పుట్టినప్పుడు ఆ శక్తిని ఎందుకు కోల్పోతుందని జూన్ ఉత్తరంలో నిలదీసింది.

జూన్ 28న డెకార్ట్ రాసిన జవాబు ఈ వ్యాసానికి ఆయువుపట్టు. ఆత్మను శుద్ధబుద్ధితో తెలుసుకోవచ్చు, శరీరాన్ని ఊహ తోడుగా బుద్ధితో తెలుసుకోవచ్చు. ఆ రెండింటి కలయిక మాత్రం ఇంద్రియాలకే స్పష్టంగా తెలుస్తుంది; మామూలుగా బతకడం, నలుగురితో మాట్లాడటం ద్వారానే అది పట్టుబడుతుంది. శుద్ధబుద్ధి ఒక్కటే పనిచేసే ఆలోచనలకు తాను ఏడాదిలో కొన్ని గంటలకు మించి కేటాయించలేదని కూడా రాశాడు. హేతువాదానికి మూలపురుషుడని పేరుపడ్డవాడు మానవ ప్రకృతిని తెలుసుకునే చోట నిత్యజీవితాన్ని ప్రమాణంగా నిలబెట్టాడు. సందేహం పరిధి అక్కడితో ముగిసింది.

ఆ తర్వాత ఉత్తరాలు వైద్యం వైపు మళ్లాయి. 1645లో ఎలిసబెత్‌ను మందజ్వరం పట్టి పీడించినప్పుడు దాని మూలం దుఃఖమేనని డెకార్ట్ రాశాడు. చిన్నప్పుడు తనకు తల్లి నుంచి పొడిదగ్గు, పాలిపోయిన రంగు వచ్చాయనీ, వైద్యులు ఆశ వదులుకున్నారనీ, విషయాల్ని మంచివైపు నుంచి చూసే స్వభావమే తనను నిలబెట్టిందనీ చెప్పుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరు 13న ఆమె భావోద్వేగాల్ని నిర్వచించమని అడిగింది. ఆ అభ్యర్థన నుంచి ఎదిగిన గ్రంథమే 1649లో అచ్చయిన ‘ప్యాషన్స్ ఆఫ్ ది సోల్’. ఆరు మూల భావాల్లో మొదటిదిగా డెకార్ట్ అందులో ఆశ్చర్యాన్ని నిలిపాడు.

ఇంత సాక్ష్యం ఉండగా సగం కథే ఎలా నిలిచింది? డెకార్ట్ ఉత్తరాల్ని క్లెర్సెలియే 1657 నుంచి ప్రచురించాడు. తన ఉత్తరాలు అచ్చువేయడానికి ఎలిసబెత్ ఒప్పుకోలేదు. అవి 1879లో గానీ ఫూషే ద కరేయ్ చేతుల మీదుగా వెలుగు చూడలేదు. రెండు శతాబ్దాలకు పైగా పాఠకులకు అందింది సంభాషణలో ఒక గొంతే. రైల్ నాటికి ఆ అడ్డు తొలగి డెబ్భై ఏళ్లయింది.

మెదడులోని పీనియల్ గ్రంథిని ఆత్మకు పీఠంగా చూపిన డెకార్ట్ సమాధానం నిలవలేదు. స్పినోజా ‘ఎథిక్స్’ ఐదో భాగం పీఠికలో దాన్ని చీల్చి చెండాడాడు. అయినా జవాబు వీగిపోయినంత మాత్రాన ప్రశ్న వీగిపోదు. 1677లో వెలువడిన ఆ ‘ఎథిక్స్’ మూడో భాగం భావోద్వేగాలకే అంకితమైంది. మనసునూ శరీరాన్నీ ఒకే వస్తువుకు రెండు ముఖాలుగా స్పినోజా చూసినా, మలబ్రాన్ష్ ఆ రెండింటి మధ్య దేవుణ్ణి నిలిపినా, లైబ్నిజ్ ముందే కుదిరిన పొందికను ప్రతిపాదించినా, అందరూ తలపడింది హేగ్ నుంచి వచ్చిన ఆ ప్రశ్నతోనే. ఆ లెక్కన పదిహేడో శతాబ్దపు హేతువాదం మొత్తాన్నీ మానవ ప్రకృతి శాస్త్రంగా చదవాలి. దాని వ్యవస్థాపకుల జాబితాలో డెకార్ట్ పక్కన ఎలిసబెత్ పేరు చేర్చాలి. తత్వశాస్త్రం తరగతుల్లో మొదటి మెడిటేషన్‌తో పాటు 1643 నాటి ఆ నాలుగైదు ఉత్తరాల్నీ పాఠ్యాంశంగా పెట్టాలి.